అవును–కాదుల లెక్క



లోకములో కొన్ని సంగతులను మనము కొలుతుము. ధాన్యమును కాటాపై తూతుము, పొలమును గొలుసుతో కొలుతుము, వాన యెన్ని అంగుళములు కురిసినదో చెప్పుకొందుము. వీనిలో కొంచెము, ఎక్కువ అను తారతమ్యము కలదు. మరికొన్ని సంగతులలో ఆ తారతమ్యమే లేదు. గింజ మొలిచినదా, మొలవలేదా? ఆవు చూడి కట్టినదా, కట్టలేదా? టీకా వేయించుకొన్న బిడ్డకు జబ్బు వచ్చినదా, రాలేదా? రోగి బ్రదికెనా, లేదా? వీనికి రెండే జవాబులు: అవును, కాదు. నడుమ మూడవ మాట లేదు.

ఇట్టి జవాబులను బట్టి నిజమును తేల్చుట మిక్కిలి సులభమని తోచును. అవునన్నవానిని ఒక వైపు, కాదన్నవానిని ఇంకొక వైపు ఎంచినచో చాలును గదా యని యనుకొందుము. నేనును చాలకాలము అట్లే యనుకొంటిని. ఆ తలంపు మా యింటిలో ఒక యన్యాయమునకు కారణమయ్యెను. కావున ఆ కథతోనే మొదలుపెట్టెదను.

నా చిన్నతనమున మా తండ్రిగారు పొరుగూరి వర్తకునియొద్ద వేరుసెనగ విత్తనము బేరమాడిరి. బేరము ముగియకముందు ఒక బస్తానుండి పది గింజలు తీసి తెచ్చి, తడిగోనెలో చుట్టి మూలనుంచిరి. కొన్నాళ్లకు విప్పి చూడగా తొమ్మిది మొలకెత్తినవి. ఎంచినవాడను నేనే. మా తండ్రిగారు సంతోషించి పైకమిచ్చిరి. మరునాటి వారమున బస్తాలు వచ్చినవి, విత్తితిమి. పైరు పలుచగా లేచెను. చాళ్లవెంట నడచి చూడగా పదింట మూడు చోట్ల మొలక లేదు. ఖాళీలలో మరల విత్తుటకు అదను దాటినది. ఆ యేటి అప్పు తీరలేదు.

మా తండ్రిగారు పంచాయతీ పెట్టించిరి. “మంచి గింజలు చూపి చెడ్డ బస్తాలు పంపినాడు” అని వారి యభియోగము. “అన్నియు ఒక్క కుప్పలోనివే” అని వర్తకుని జవాబు. పెద్దలు నన్ను పిలిచి, “ఎన్ని మొలిచినవిరా అబ్బాయీ?” అని యడిగిరి. “పదింట తొమ్మిది” యని నేను నిజమే చెప్పితిని. ఆ మాటమీదనే తీర్పు జరిగెను. వర్తకుడు సగము వెల తిరిగి యిచ్చెను. మోసగాడను పేరు మాత్రము సాంతముగా మోసెను.

తరువాత చాల యేండ్లకు నేను గణాంకశాస్త్రము చదువుకొన్నప్పుడు ఆ పది గింజలను మరల లెక్కవేసి చూచితిని. వర్తకుడు చెప్పినట్లు కుప్ప అంతయు ఒక్కటే యనియు, దానిలో నూటికి డెబ్బది మాత్రమే మొలచు గింజలనియు అనుకొందము. అట్టి కుప్పనుండి చేతికందిన పది గింజలు తీసినచో ప్రతిసారియు ఏడే మొలచునా? మొలవవు. ఒకసారి అయిదు, ఒకసారి ఎనిమిది, ఒక్కొక్కసారి పదికి పదియు మొలచును. నూరు కుటుంబములవారు ఆ కుప్పనుండియే తలకు పది గింజలు తీసి పరీక్షించిరనుకొన్నచో, వారిలో సుమారు 15 కుటుంబములవారికి తొమ్మిదియో పదియో మొలచును. అనగా ఏడింట ఒకసారి మోసమేమియు లేకయే మాకు కలిగిన అనుభవమే కలుగును. వర్తకుడు నిర్దోషి యని యీ లెక్క చెప్పదు. ఆ పది గింజలు అతనిని దోషిగా నిలుపజాలవని మాత్రము చెప్పును. మా పంచాయతీకి ఆ భేదము తెలియలేదు. సాక్షినైన నాకును తెలియలేదు.

పదికి మారుగా నూరు గింజలు చుట్టియుండినచో సంగతి వేరుగా నుండెడిది. డెబ్బదివంతుల కుప్పనుండి నూరు గింజలు తీసినచో మొలచునవి సాధారణముగా 61 మొదలు 79 వరకు నుండును. తొంబది మొలచుట దాదాపు అసంభవము. ఎంచిన గింజల సంఖ్య పెరిగినకొలది జవాబులోని ఊగిసలాట తగ్గును. అయితే నూరు రెట్లు ఎంచినచో ఊగిసలాట నూరవ వంతు కాదు, పదవ వంతగును. రెండింతల నిశ్చయము కావలెనన్న నాలుగింతలు ఎంచవలెను. ఒక్కొక్క జవాబు రెండు మాటలలోనిదే గనుక, అది మోసికొనివచ్చు సమాచారము మిక్కిలి స్వల్పము. అందుచేతనే వానిని గుంపులుగా కూర్చవలసి యున్నది.

ఇది మొదటి మెట్టు. ఇక రెండవ మెట్టు. మొలచుటయో చచ్చుటయో ఒక కారణమును బట్టి మారుచున్నప్పుడు ఆ మార్పును కనుగొనుట యెట్లు? మందు పెంచినచో ఎంత ఎక్కువగా పనిచేయును? ఈ ప్రశ్నకు జవాబు వెదకినవారిలో ముఖ్యుడు చెస్టర్ బ్లిస్ అను అమెరికా దేశీయుడు. ఆయన పురుగుల శాస్త్రము చదివినవాడు. 1933లో ఆ దేశమున వ్యాపారము పడిపోయి లక్షలకొలది జనులకు పనులు పోయినప్పుడు ఆయన సర్కారు ఉద్యోగమును పోయినది. అప్పుడాయన లండను నగరమునకు పోయి, గణాంకశాస్త్రములో అగ్రగణ్యుడైన రోనాల్డు ఫిషర్ గారివద్ద చేరెను. 1934, 1935 సంవత్సరములలో ఆయన ప్రకటించిన వ్యాసములు ఈ విద్యకు దారి చూపినవి.

1935 వ్యాసములో ఆయన తీసికొన్న లెక్క మనకు బాగుగా తెలిసిన ప్రాణిని గూర్చినది: పిండిలో పుట్టు పెంకుపురుగు. ఎనిమిది గుంపుల పురుగులను కార్బన్ డైసల్ఫైడు అను విషవాయువులో అయిదేసి గంటలు ఉంచి, చచ్చినవానిని ఎంచిరి. ఈ పదార్థము మనుష్యునకును విషమే. ఇది ఇట్టే నిప్పంటుకొనును గూడ. కనుక దీనిని ఉదాహరణముగా చెప్పుచున్నానే కాని యెవరును తమ గాదెలలో ప్రయోగింపవలదు.

మొదటి గుంపునకు లీటరు గాలిలో 49 మిల్లిగ్రాముల విషమును, తరువాతి గుంపులకు ఇంచుమించు నాలుగేసి మిల్లిగ్రాములు హెచ్చుగాను పెట్టిరి. మొదటి గుంపులో 59 పురుగులకు 6 చచ్చినవి. రెండవదానిలో 60కి 13. మూడవదానిలో 62కి 18. నాలుగవదానిలో 56కి సరిగా సగము, 28. అయిదవదానిలో 63కి 52. ఆరవదానిలో 59కి 53. ఏడవదానిలో 62కి 61. ఎనిమిదవదానిలో 60కి 60. మొత్తము 481 పురుగులలో 291 చచ్చినవి.

నూటికి ఎన్ని యని మార్చి చూతము: 10, 22, 29, 50, 83, 90, 98, 100. విషము ప్రతి మెట్టునను సమముగానే పెరిగినది. చావు మాత్రము సమముగా పెరుగలేదు. నాలుగవ మెట్టునుండి అయిదవదానికి పోవుసరికి ఒక్కసారిగా 33 పెరిగినది. ఏడవదానినుండి ఎనిమిదవదానికి రెండు మాత్రమే పెరిగినది. ఈ సంఖ్యలను కాగితముపై గుర్తించి కలిపినచో తిన్నని గీత రాదు. మొదట నెమ్మదిగా లేచి, నడుమ నిటారుగా ఎక్కి, చివర మరల చదునైపోవు వంపుగీత వచ్చును. బల్లకట్టు గీత గీచినవానికి ఏమగును? నడిమి మెట్టు వేగముతోనే పోయినచో అయిదవ మెట్టున 83 అయినది ఆరవ మెట్టున 116 కావలెను. నూరు పురుగులలో నూటపదునారు చచ్చునా?

ఈ వంపు ఎందుకు వచ్చును? దీనికి మన పండుగలలో యువకులు గుండ్లెత్తు పందెమును చూచినవారికి జవాబు దొరకును. చిన్న గుండును దాదాపు అందరును ఎత్తుదురు. ఒకరిద్దరు బలహీనులే విడుతురు. గుండు బరువు పెంచుచు పోగా, నడిమి బరువు వచ్చునప్పటికి పెక్కుమంది ఒక్కసారిగా ఓడిపోవుదురు. ఏలయన ఊరిలో సామాన్యబలము గలవారే ఎక్కువ. ఇంకను పెంచినచో మిగిలిన వస్తాదులు ఒకరొకరుగా తగ్గుదురు. ఎత్తుట, ఎత్తలేకపోవుట అను రెండు మాటల వెనుక ప్రతివానికిని ఒక బలపు హద్దు దాగియున్నది. అది మన కంటికి కనబడదు. ఓడినాడా, గెలిచినాడా అనునదే కనబడును. పురుగుల సంగతియు ఇంతే. ప్రతి పురుగునకును ఓర్చుకొను హద్దు ఒకటి యుండును. ఆ హద్దులు గంటాకారపు వక్రరేఖ ననుసరించి పరచుకొని యున్నవని బ్లిస్ తలంచెను.

అట్లు తలంచి, ఆయన నూటికి ఇన్ని యను సంఖ్యలను ఇంకొక కొలతలోనికి మార్చెను. నూటికి 50 అయినచో దానికి 5 అను సంఖ్య నిచ్చెను. నూటికి 84 అయినచో 6; నూటికి 16 అయినచో 4; నూటికి సుమారు 98 అయినచో 7. ఈ సంఖ్యలకు ప్రోబిట్టులని పేరు పెట్టెను. నడిమిదానికి సున్న పెట్టక 5 పెట్టుట యెందుకనగా, ఆ కాలమున లెక్కలన్నియు చేతితో చేయవలసి యుండెను. ఋణసంఖ్యలు లేకున్నచో తప్పులు తగ్గును. విషపు మోతాదును కూడ సంవర్గమానములోనికి మార్చి, ఈ కొత్త కొలతలో గుర్తించి చూడగా వంపుగీత ఇంచుమించు తిన్ననయ్యెను. తిన్నని గీతకు రెండు సంగతులు తెలిసిన చాలును: ఎచట సగము దాటుచున్నది, ఎంత వేగముగా ఎక్కుచున్నది. సగము ప్రాణులను చంపు మోతాదును కొలతకఱ్ఱగా పెట్టుకొనవలెనని జె. డబ్ల్యు. ట్రెవన్ అను ఆంగ్లేయుడు 1927లోనే చెప్పియుండెను. ఈ పురుగుల విషయమున అది 60 మిల్లిగ్రాములకు దగ్గరగా నున్నది. చివరి పురుగును చంపు మోతాదును వెదకినచో ఒక్క గట్టి పురుగును బట్టి లెక్క తలక్రిందులగును. నడిమి మోతాదు అట్లు కదలదు.

అయినను ఒక చిక్కు మిగిలెను. ఎనిమిదవ గుంపులో అరువదికి అరువదియు చచ్చినవి. నూటికి నూరునకు ఆ కొత్త కొలతలో సంఖ్యయే లేదు. అది అనంతమునకు పోవును. ఆ గుంపును లెక్కనుండి తీసివేయవలెనా? తీసివేసినచో అరువది సాక్షుల వాఙ్మూలమును పారవేసినట్లగును. ఈ చిక్కును విప్పుచు ఫిషర్ గారు బ్లిస్ వ్యాసమునకు ఒక అనుబంధము వ్రాసిరి. ఒక్కటియు మిగులని సందర్భమును గూర్చినదే ఆ అనుబంధము. ఆయన మార్గమును మన పంచాయతీ భాషలో ఇట్లు చెప్పవచ్చును: ఏ కథ నిజమైనచో మనము చూచిన సాక్ష్యమంతయు మిక్కిలి సహజముగా కలుగునో ఆ కథను స్వీకరింపుము. ఏ గీత నిజమైనచో ఈ ఎనిమిది ఫలితములును కలిసి కలుగుటకు అవకాశము అత్యధికముగా నుండునో ఆ గీతయే మన గీత. ఈ మార్గమున అరువదికి అరువది యనునదియు మంచి సాక్షియే.

అరువదికి అరువదియు చచ్చినవి గనుక ఆ మోతాదు అన్నిటిని చంపునని చెప్పవచ్చునా? ఈ ప్రశ్న కర్షకునకు ముఖ్యమైనది. ఆ మోతాదు నిజముగా నూటికి 95 మాత్రమే చంపునది యనుకొన్నను, అరువది పురుగులును చచ్చుట ఇరువదింట ఒకసారి జరుగును. కాబట్టి అరువదిలో ఒక్కటియు మిగులలేదన్నచో, నూటికి అయిదు వరకు మిగులునేమో యను సందేహమును విడువరాదు. ఎన్ని పరీక్షించితిమో ఆ సంఖ్యతో మూడును భాగించినచో ఈ సందేహపు మేర ఇంచుమించుగా తెలియును. అరువదికి మూడు, అనగా నూటికి అయిదు. మూడువందలు పరీక్షించి ఒక్కటియు మిగులకున్నచో నూటికి ఒకటి. గాదెలో లక్ష పురుగులున్నచో నూటికి ఒకటి యనగా వేయి పురుగులు. ఆ వేయియు గట్టివి. మరుసటి తరమునకు అవియే విత్తనము. కొన్ని తరములు గడచునప్పటికి అదే మందు పనిచేయక పోవుట ఇందువలననే. “మా యూరిలో ఒక్కటియు మిగులలేదు” అని యెవరైన చెప్పినప్పుడు “ఎన్నింటిలో?” అని యడుగవలెను.

పురుగులనుండి మనుష్యుల కడకు వత్తము. ఇచట మోతాదుల మెట్లు కాక రెండే గుంపులుండును: మందు పుచ్చుకొన్నవారు, పుచ్చుకొననివారు. 1948లో ఇంగ్లండులోని వైద్యపరిశోధన మండలి క్షయరోగమునకు స్ట్రెప్టోమైసిన్ అను మందును గూర్చి ఒక నివేదికను ప్రకటించినది. మందు కొరతగా నుండెను, అందరికిని చాలదు. అందుచేత రెండు ఊపిరితిత్తులును చెడిన యువకులను, యువతులను 107 మందిని తీసికొని, ఎవరికి మందియ్యవలెనో వైద్యుని యిష్టమునకు విడువక, చీట్లు వేసినట్లు విభజించిరి. ఈ పద్ధతిని ఏర్పరచినవాడు ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డు హిల్. 55 మందికి మందును పడకవిశ్రాంతియు, 52 మందికి విశ్రాంతి మాత్రమును లభించినవి. ఆరు నెలలకు మందు పుచ్చుకొన్న 55 మందిలో 4గురు, పుచ్చుకొనని 52 మందిలో 14గురు మరణించిరి.

మందులో మహిమ యేమియు లేకున్నచో ఏమి జరుగవలెను? మొత్తము 18 మరణములు రెండు గుంపులలోను ఇంచుమించు సమముగా పడవలెను. మొదటి గుంపులో తొమ్మిది వరకు పడవలెను. నాలుగే పడినవి. ఇది చీట్లవలన కలిగిన వింతయేమో యని లెక్కింపగా, అట్టి భేదము కేవలము యాదృచ్ఛికముగా కలుగుట నూరింట ఒకసారికంటెను తక్కువయని తేలెను. మా పది గింజల భేదము ఏడింట ఒకసారి కలుగునది. సాక్ష్యపు బలము ఈ రెండింటిలో ఎంత వేరో చూడుడు.

ఈ కథకు కూడ మిగిలినవాని తోక కలదు. మందునకు లొంగని క్షయక్రిములు కొందరు రోగులలో మిగిలి పెరిగినవి; కాలము గడచినకొలది మందు లాభము తగ్గెను. అందుచేతనే క్షయకు ఒక్క మందు కాక రెండు మూడు మందులు కలిపి యిచ్చుట అలవాటయ్యెను. ఆరు నెలలలో చూచిన “అవును” తరువాత చాలవరకు “కాదు” అయినది. ఎప్పుడు ఎంచితిమో చెప్పని లెక్క సగము లెక్కయే.

ఇక మూడవ మెట్టు. ఒక్క కారణము కాక పది కారణములు కలిసి పనిచేయునప్పుడు ఏమి చేయవలెను? 1948లో అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ అను పట్టణమున 5,209 మంది స్త్రీపురుషులను ఎన్నుకొని, వారి వయస్సు, రక్తపుపోటు, రక్తములోని కొవ్వు, పొగత్రాగుడు మొదలైనవి వ్రాసికొనుచు, ఎవరికి గుండెజబ్బు వచ్చునో, ఎవరికి రాదో యేండ్లతరబడి కనిపెట్టిరి. వచ్చినదా, రాలేదా యనునదే జవాబు. ముసలివానికి పోటును ఎక్కువే, కొవ్వును ఎక్కువే. జబ్బు వచ్చినచో నేరము దేనిపై మోపవలెను?

దీనికి పనికివచ్చిన సాధనము లాజిట్ అనునది. దాని వెనుకనున్న వంపుగీతను 1838లోనే బెల్జియము దేశీయుడైన వెర్‌హుల్‌స్ట్ జనాభా పెరుగుదలకొరకు వ్రాసెను. లాజిట్ అను పేరు పెట్టినవాడు జోసెఫ్ బెర్క్‌సన్ అను వైద్యుడు, 1944లో. దానిని పలు కారణముల లెక్కకు పూర్ణముగా విస్తరింపజేసినవాడు డేవిడ్ కాక్స్. ఆయన వ్యాసము 1958లో వచ్చినది. ఫ్రేమింగ్‌హామ్ లెక్కకు దీనిని 1960 తరువాతి దశాబ్దములో ప్రయోగించిరి.

ఈ సాధనపు కిటుకు మన కోడిపందెములలోనే యున్నది. పందెగాడు “నూటికి ఎనుబది” యనడు. “ఒకటికి నాలుగు” అనును. నూటికి 50 అన్నచో ఒకటికి ఒకటి. నూటికి 80 అన్నచో ఒకటికి నాలుగు. నూటికి 90 అన్నచో ఒకటికి తొమ్మిది. నూటికి 10 అన్నచో తొమ్మిదికి ఒకటి. ఈ విధముగా చెప్పు నిష్పత్తిని పందెపు పాలు అందము. నూటికి ఇన్ని యనునది నూరు దాటలేదు. పందెపు పాలునకు ఆ కట్టుబాటు లేదు. కాబట్టి ప్రతి కారణమును పందెపు పాలును ఇన్ని రెట్లు చేయునని చెప్పినచో, ఎన్ని కారణములు కూడినను లెక్క హద్దు దాటదు.

ఒక కారణము పందెపు పాలును రెట్టింపు చేయుననుకొందము. నూటికి 10 మందికి జబ్బు వచ్చు గుంపులో పాలు తొమ్మిదికి ఒకటి. రెట్టింపైనచో తొమ్మిదికి రెండు, అనగా నూటికి 18. నూటికి 50 వచ్చు గుంపులో అది నూటికి 67 అగును. నూటికి 90 వచ్చు గుంపులో నూటికి 95 మాత్రమే యగును. కారణపు బలము ఒక్కటే. అది పడిన చోటును బట్టి ఫలితము వేరు. పురుగుల వంపుగీతలో మనము చూచినదియు ఇదియే. పందెపు పాలునకు సంవర్గమానము తీసినచో అదియే లాజిట్. ఆ కొలతలో కారణములు ఒకదానితో ఒకటి కూడుకొనుచు పోవును. అప్పుడు వయస్సు సమముగా నుంచి పోటు పని యెంతయో, పోటు సమముగా నుంచి పొగ పని యెంతయో విడదీయవచ్చును. అయినను వ్రాసికొనని కారణమును ఏ లెక్కయు విడదీయజాలదు. చీట్లు వేసి విభజించిన లెక్కకు గల బలము ఊరక చూచి వ్రాసికొన్న లెక్కకు లేకుండుట ఇందుచేతనే.

ఈ విద్యలో మన తెలుగువారి చేయియు కలదు. కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1920లో ఒక తెలుగు కుటుంబమున జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయములో గణితము చదివి, కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరి, కేంబ్రిడ్జిలో ఫిషర్ గారివద్దనే పరిశోధన చేసిరి. ఒక కారణము లెక్కలో నిలువదగినదా, కాదా యని తేల్చుటకు ఆయన 1948లో చూపిన పరీక్షకు ఆయన పేరే యున్నది. నేడు లాజిట్ లెక్కలు వేయు యంత్రములలో ఆ పరీక్షయు ఒకటి. ఆయన 2023లో నూరేండ్లు దాటిన వయస్సున స్వర్గస్థులైరి.

పెద్దలారా, ఈ లెక్కలు మీరు చేతితో వేయనక్కరలేదు. కాని మీయొద్దకు తీర్పుకొరకు వచ్చు మాటలను తూచుటకు నాలుగు ప్రశ్నలు మాత్రము జ్ఞాపకముంచుకొనుడు. మందు పనిచేసినదని యొకడు చెప్పినప్పుడు, ఎందరిలో పనిచేసినదని మొదట అడుగుడు. పుచ్చుకొననివారిలో ఎందరు బాగుపడిరని రెండవది. ఆ రెండు గుంపులను ఎవరు, ఎట్లు విడదీసిరని మూడవది. ఎప్పుడు ఎంచిరి, మిగిలినవారి సంగతి యేమైనదని నాలుగవది. టీకా వేయించుకొన్న ఒక్క బిడ్డకు జబ్బు వచ్చినదని టీకాను త్రోసివేయువాడును, ఒక్క తాయెత్తు కట్టుకొన్నవాడు బ్రదికినాడని తాయెత్తును మెచ్చుకొనువాడును ఒక్క తప్పే చేయుచున్నారు.

విత్తనము కొనునప్పుడు పది గింజలు చాలవు. నూరు ఎంచి చుట్టుడు. ఒక్క బస్తా పైభాగమునుండి కాక అన్ని బస్తాలనుండియు, పైనుండియు అడుగునుండియు తీసి కలిపి ఎంచుడు. మా యింట ఆ పని జరిగియుండినచో మా తండ్రిగారు ఆ విత్తనమును కొనియుండెడివారు కారు. తన కుప్పలో నూటికి ముప్పది మొలవవని ఆ వర్తకునకును తెలిసియుండెడిది. అతడును ఎన్నడును ఎంచి చూడలేదు.

ఆ వర్తకుడును, మా తండ్రిగారును, ఆనాటి పెద్దలును ఇప్పుడు లేరు. నేను చెప్పిన సాక్ష్యములో అబద్ధము లేదు. తొమ్మిది మొలిచిన మాట నిజమే. నిజమైన సాక్ష్యమును దానికి మోయశక్యము కాని బరువు మోయించితిమి. ఆ మాటను ఆయనయెదుట చెప్పు భాగ్యము నాకు లేకపోయినది గనుక నేడు మీయెదుట చెప్పుకొంటిని.